పిండి జాడీలో కందిపప్పు

మా వంటింట్లో కందిపప్పు పోసే జాడీ మీద ‘మేల్’ అని రాసుంటుంది. జర్మన్‌లో మేల్ అంటే పిండి. పక్కది ‘త్సుకర్’, అంటే చక్కెర, అందులో ఊరి నుంచి అమ్మ పంపే కారం. ‘కాఫే’లో చింతపండు. ‘రైస్’ అంటే బియ్యమే, ‘గ్రీస్’ అంటే రవ్వ, ఆ రెండింట్లో మాత్రం పైన రాసిందే లోపల ఉంటుంది. తెల్ల పింగాణీ, నీలం అక్షరాలు. గోడకి కొట్టిన చెక్క అరలో ఆరు గళ్ళున్నాయి, జాడీలు ఐదే. ఆరో గడి ఖాళీ. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరు బామ్మగారు వీటిని చూపించి, వాడుకోండి గానీ పగలగొట్టకండి అంది, అంతకుమించి ఏమీ చెప్పలేదు.

మేముండేది పోలండ్‌లో వ్రొత్స్వాఫ్ అనే ఊళ్ళో. ఆ పేరు సరిగ్గా పలకడానికే నాకు మూడు నెలలు పట్టింది. ఇక్కడ తెలుగువాళ్ళు తక్కువేం కాదు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు, చదువుకోడానికి వచ్చిన పిల్లలు, ట్రామ్ ఎక్కితే ఏదో ఒక మూల నుంచి ‘ఒరేయ్ మన స్టాపేరా’ అని వినిపిస్తుంది. అయితే 1945 దాకా ఈ ఊరి పేరు బ్రెస్లావు అని, ఇది జర్మనీలో పెద్ద ఊళ్ళలో ఒకటని, ఇక్కడి జనాన్ని మొత్తంగా తీసేసి ఇంకో జనాన్ని తెచ్చి పెట్టారని మాలో చాలామందికి తెలీదు. నాకూ తెలీదు. మెట్ల కింద కరెంటు ఫ్యూజుల పెట్టె మీద జర్మన్ అక్షరాలు చూసి, ఇదేంటండీ అని అడిగితే బామ్మగారు ‘పోనియెమియెత్స్కియె’ అని ఒక్క మాట అంది. జర్మన్లు పోయాక మిగిలినవి అని అర్థం. ఇల్లు, మంచం, కుట్టుమిషను, పెరట్లో ఆపిల్ చెట్టు, అన్నిటికీ అదే మాట వాడతారు. పాత కార్లకి ‘సెకండ్‌హ్యాండ్’ అన్నంత మామూలుగా.

(అన్నట్టు ఇక్కడ ఆడవాళ్ళని గౌరవంగా ‘పాని’ అని పిలవాలి. మొదటిరోజుల్లో మా అత్తగారు వీడియో కాల్‌లో అది విని, ఆవిడని ‘రాణి’ అంటున్నావా ‘పాణి’ అంటున్నావా అని అడిగింది. నేను ఇక్కడ బామ్మగారు అనే రాస్తాను, నోటికి అదే వస్తుంది.)

యుద్ధానికి ముందు ఈ ఊరి జనాభా 6 లక్షల పైన. 1945 జనవరిలో సోవియట్ సైన్యం దగ్గరికొచ్చేదాకా ఊరు కదలడానికి వీల్లేదన్నాడు ఇక్కడి నాజీ అధికారి కార్ల్ హాంకె, సైన్యం గుమ్మంలోకి వచ్చాక ఒక్కసారిగా ఆడవాళ్ళూ పిల్లలూ వెంటనే వెళ్ళిపోవాలన్నాడు. రైళ్ళు చాల్లేదు. మంచులో నడిపించారు. తల్లుల చేతుల్లోనే పసిపిల్లలు బిగుసుకుపోయారు. హిట్లర్ అప్పటికే కోటగా ప్రకటించిన ఊరిని మిగిలినవాళ్ళని పెట్టుకుని పట్టుకు కూర్చున్నాడు, విమానాలు దిగడానికని ఊరి మధ్యలో బాగున్న వీధినంతా కూలగొట్టించాడు, ఇప్పుడు గ్రున్‌వాల్జ్‌కి కూడలి అని నేను రోజూ ట్రామ్ మారేది అక్కడే. దాదాపు మూడు నెలలు కొట్టుకున్నాక మే 6న ఊరు లొంగింది, బెర్లిన్ లొంగిన నాలుగు రోజులకి. హాంకె అప్పటికే చిన్న విమానమెక్కి పారిపోయాడు.

ఇక్కడే ఒక మాట చెప్పేసి ముందుకెళ్తాను. ఈ కథని 1945 నుంచి మొదలుపెట్టేవాళ్ళంటే నాకు చిరాకు. జర్మన్ల మీద జాలితో అలా మొదలుపెట్టేవాళ్ళు కొందరున్నారు. 1939లో పోలండ్‌ని ఆక్రమించగానే జర్మన్లు చేసిన మొదటి పనుల్లో ఒకటి పోజ్నాన్ చుట్టుపక్కల పోలిష్ కుటుంబాలని అర్ధరాత్రి ఇళ్ళల్లోంచి లాగి రైళ్ళెక్కించడం, ఆ ఇళ్ళల్లో జర్మన్లని దింపడం. 1942-43లో జమోష్చ్ దగ్గర లక్ష మందికి పైగా రైతులని అలాగే ఖాళీ చేయించారు, అందులో పిల్లలే వేలల్లో. మా ఇంటికి దగ్గర్లో నదొజె స్టేషన్ ఉంది, అప్పట్లో దాని పేరు ఓడర్‌టోర్, 1941 నవంబరులో ఈ ఊరి యూదులు సుమారు వెయ్యి మందిని అక్కణ్ణుంచే లిథువేనియాలోని కౌనాస్‌కి తీసుకెళ్ళి కాల్చేశారు. ఊరు ఖాళీ చేయించే విద్య ఇక్కడికి కొత్తగా రాలేదు.

అయినా ఆ జాడీలు కొనుక్కున్న జర్మన్ ఆవిడకీ హాంకెకీ ఒకే శిక్ష అంటే నా మనసు ఒప్పుకోదు. అందులోనూ హాంకె విమానమెక్కాడు, ఈవిడ ఇక్కడే ఉండిపోయింది.

ఇదంతా ఎక్కడో బల్ల మీద తేల్చారు. 1943 చివర్లో టెహ్రాన్‌లో చర్చిల్ మూడు అగ్గిపుల్లలు పెట్టి పోలండ్‌ని పడమరకి జరపడం ఎలాగో స్టాలిన్‌కి చూపించాడు. తూర్పున ఉన్న భూమి సోవియట్‌కి పోతుంది, దానికి బదులు పడమర జర్మన్ల భూమి పోలండ్‌కి వస్తుంది. తూర్పు గీత పేరు కర్జన్ రేఖ. ఈ కర్జన్ మనకి తెలిసినవాడే, 1905లో బెంగాల్‌ని రెండు చేసిన వైస్రాయి. తర్వాత బ్రిటన్ విదేశాంగ మంత్రయ్యాడు, 1920లో ఆ గీత ఆయన పేరు మీద వెళ్ళింది. 1923లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రీసూ టర్కీ మధ్య జనం మార్పిడి ఒప్పందం జరిగినప్పుడూ ఆయన అక్కడున్నాడు. సుమారు 12 లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకి, 4 లక్షలకి దగ్గరగా ముస్లింలు టర్కీకి, భాష ఏదని ఎవరూ అడగలేదు, మతం చూసి లెక్క కట్టారు, దాంతో టర్కిష్ తప్ప వేరే ముక్క రాని క్రైస్తవులు గ్రీసుకీ, గ్రీకు మాట్లాడే క్రీట్ ముస్లింలు టర్కీకీ చేరారు. ఇది చెడ్డ పరిష్కారం, ప్రపంచం దీనికి వందేళ్ళు మూల్యం చెల్లిస్తుంది అన్నది కర్జనే. 1944 డిసెంబరులో పార్లమెంటులో చర్చిల్ అదే మార్పిడిని చూపించి అది చాలావరకు బాగా పనిచేసింది, జనాలు కలగలిసి ఉంటే గొడవలకి అంతుండదు, ఇప్పుడు శుభ్రంగా ఊడ్చేద్దాం అన్నాడు. బెంగాల్‌ని ముక్కలు చేసినవాడికే భయం వేసిన పని ఈయనకి చీపురు పని లాగా కనిపించింది.

1945 ఆగస్టు 2న బెర్లిన్ పక్కన పోట్స్‌డామ్‌లో, జర్మనీని ఓడించిన దేశాల సంతకాలయ్యాయి. జర్మన్లని పంపించడం ‘క్రమపద్ధతిలో, మానవత్వంతో’ జరగాలని కాగితం మీద రాశారు. అప్పటికే జూన్‌లో పోలిష్ సైన్యం ఓడర్ నది పక్కన ఊళ్ళని రోజుల్లో ఖాళీ చేయించింది, మే నెలాఖరున చెక్ ఊరు బ్రనోలో జర్మన్ ముసలివాళ్ళనీ ఆడవాళ్ళనీ పిల్లల్నీ 20 వేల మందికి పైగా ఆస్ట్రియా సరిహద్దు వైపు నడిపించారు, చాలామంది దారిలో విరేచనాలతో పోయారు. మొత్తం తూర్పు ఐరోపా నుంచి కదిలిన జర్మన్లు సుమారు కోటీ 20 లక్షలని చెప్తారు. ఎంతమంది పోయారన్న దగ్గర చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, 5 లక్షలని ఒకరంటే 20 లక్షలని ఇంకొకరంటారు.

సరే, మా ఇంటి సంగతికొస్తాను.

బామ్మగారి అమ్మది తెర్నోపోల్ దగ్గర పల్లె, ఇప్పుడది యుక్రెయిన్. 1944కి అక్కడ పరిస్థితి ఎలా ఉండేదంటే, యుక్రెయిన్ జాతీయవాద దళాలు పోలిష్ ఊళ్ళ మీద పడి చంపుతున్నాయి, పోలిష్ వాళ్ళు కూడా యుక్రెయిన్ ఊళ్ళ మీద పగ తీర్చుకుంటున్నారు, రాత్రిళ్ళు జనం పొలాల్లో పడుకునేవాళ్ళట. సెప్టెంబరులో ఒప్పందం వచ్చింది. పోలిష్ వాళ్ళు ఇటు, పోలండ్‌లో ఉన్న యుక్రెయిన్ వాళ్ళు అటు. కావాలంటే ఉండొచ్చు, సోవియట్ పౌరులుగా. ప్రభుత్వం దీనికి పెట్టిన పేరు ‘స్వదేశానికి తిరిగి పంపడం’. బామ్మగారికి ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తాతల నాటి నుంచి పుట్టి పెరిగిన ఊరు వదిలిపెట్టి, ఎప్పుడూ చూడని ఊరికి పోతే అది తిరిగి రావడం ఎలా అవుతుంది అంటుంది. ఇటు వచ్చాక ఈ ప్రాంతానికి ప్రభుత్వం ‘తిరిగి దక్కిన భూములు’ అని పేరు పెట్టింది. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట పోలిష్ రాజులు ఏలారు కాబట్టి.

సరుకుల బండి. పైకప్పు లేని పెట్టె. మూడు వారాలు. బామ్మగారి అమ్మ, ఆవిడ అత్తగారు, చంకలో ఏడాది పిల్లాడు, ఒక ఆవు. ఆవు లేకపోతే ఆ పిల్లాడు బతికేవాడు కాదట. రైలు ఆగినప్పుడల్లా పట్టాల పక్కన రాళ్ళు పేర్చి వంట, ఆవుకి గడ్డి కోయడం, కూత వినిపిస్తే ఉడికీ ఉడకనిది గిన్నెతో సహా ఎత్తుకుని పరిగెత్తడం. 1945 అక్టోబరులో దిగారు. ఆఫీసులో ఒక కాగితం ఇచ్చి ఫలానా వీధి, ఫలానా అంతస్తు అన్నారు. వెళ్ళి తలుపు కొడితే చేతికి తెల్ల పట్టీ కట్టుకున్న జర్మన్ ఆవిడ తీసింది. వెనకాల ఇద్దరు ఆడపిల్లలు.

నేను పుస్తకాల్లో చదివిన దాంట్లో ఈ ముక్క ఎప్పుడూ ఒక వాక్యంలో అయిపోతుంది, జర్మన్లు పోయారు, పోలిష్ వాళ్ళు వచ్చారు అని. మధ్యలో నెలలున్నాయి. 1945 వేసవిలో ఈ ఊళ్ళో జర్మన్లు లక్షన్నర పైన, పోలిష్ వాళ్ళు పదిహేను వేలకి కాస్త అటూ ఇటూ. ఒకరు వెళ్ళిపోవాల్సినవాళ్ళు, ఒకరు వచ్చేసినవాళ్ళు, ఇద్దరూ ఒకే వంటింట్లో. మా ఇంట్లో అలా పది నెలలు నడిచింది. రెండు గదులు వీళ్ళకి, ఒక గది వాళ్ళకి, పొయ్యి ఒకటే. అత్తగారు ఆ పల్లె ఆస్ట్రియా రాజుల కింద ఉన్న కాలంలో పుట్టిన మనిషి కాబట్టి జర్మన్ నాలుగు ముక్కలు వచ్చు, అవి ‘నీళ్ళు’, ‘తీసుకో’, ‘వద్దు’, ‘సిపాయి’ లాంటివి. వాటితోనే సంసారం. బొగ్గు ఎక్కడ దాచిందో జర్మన్ ఆవిడ చూపించింది, ఆవు పాలు వీళ్ళు పోశారు. ఆవుని కింద సైకిళ్ళు పెట్టే కొట్టులో కట్టేశారట. ఆ కొట్టులోనే ఇప్పుడు మా వాషింగ్ మెషిన్ ఉంది.

ప్రేమగా ఉన్నారని చెప్పట్లేదు. బామ్మగారి అమ్మ దుప్పటి ఒకటి అడక్కుండా తీసేసుకుంది. జర్మన్ ఆవిడ పిండి దొంగిలించింది, పిల్లల కోసం. రాత్రిళ్ళు సోవియట్ సిపాయిలు తలుపులు కొడితే అత్తగారు వెళ్ళి తలుపు దగ్గర నిలబడి రష్యన్‌లో తిట్టేది, ఆ అరుపులకి ఇద్దరు ఆడవాళ్ళూ లోపల ఒకే మంచం కింద దూరేవాళ్ళు. ఈ మాట చెప్పి బామ్మగారు ఇంక ఆ విషయం మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

1946 వేసవిలో జర్మన్ ఆవిడకి వెళ్ళిపొమ్మని కాగితం వచ్చింది. చేతుల్లో పట్టినంత సామాను. ఆవిడ వెళ్ళే ముందు నేల కడిగింది. మోకాళ్ళ మీద కూర్చుని మూడు గదులూ బ్రష్షుతో తోమి, పొయ్యి బూడిద తీసి, తాళంచెవులు బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఎవరి కోసం కడిగిందమ్మా అని బామ్మగారు చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా వాళ్ళమ్మ దగ్గర జవాబు లేదు. మనవాళ్ళు ఎవరైనా ఊరెళ్ళగానే ఇల్లు ఊడవద్దంటారు కదా, వెళ్ళినవాళ్ళకి మంచిది కాదని. నేనది చెప్తే బామ్మగారు చాలాసేపు ఏదో ఆలోచించింది.

తర్వాతేడు బామ్మగారి నాన్న వచ్చాడు. యుద్ధంలో జర్మనీలో ఒక రైతు దగ్గర వెట్టి, చొక్కా మీద ‘పి’ అక్షరం కుట్టుకుని. ఆయనకి ఆ జాడీలు చూడగానే పగలగొట్టాలనిపించింది, అందులో నాకు వింత ఏమీ కనపడదు. పైగా అప్పుడు ప్రభుత్వం కూడా జర్మన్ రాతలన్నీ చెరిపేయమంటోంది. దుకాణాల బోర్డులు, సమాధుల మీద పేర్లు, చివరికి బూడిద రాల్చుకునే గిన్నెల మీద అక్షరాలు కూడా. బామ్మగారి అమ్మ జాడీల మొహం గోడవైపు తిప్పి పెట్టింది. పాతికేళ్ళు అవి అలాగే ఉన్నాయి. ఏది పిండో ఏది చక్కెరో ఇంట్లో అందరికీ వరసని బట్టే తెలిసేది.

ఊళ్ళో ఎటు చూసినా ఇలాంటివే. మార్కెట్ చౌరస్తాలో కుర్చీలో కూర్చున్న ఒక పెద్దమనిషి విగ్రహం ఉంటుంది, తెలుగు పిల్లలందరూ ఫోటో దిగేది దాని పక్కనే. ఆయన ఫ్రెద్రో అనే పోలిష్ నాటక రచయిత. విగ్రహం మొదట ల్వూఫ్‌లో ఉండేది, అంటే ఇప్పటి ల్వీవ్‌లో, 1956లో ఇక్కడికి తెచ్చి గుర్రం మీద జర్మన్ రాజు ఉండే చోట కూర్చోబెట్టారు. ల్వూఫ్‌లోని ఓసొలినియుమ్ గ్రంథాలయం పుస్తకాల్లో కొంత భాగం రైళ్ళెక్కి వచ్చింది, యూనివర్సిటీ ప్రొఫెసర్లూ వచ్చారు. అందుకే ఇక్కడ అందరూ ల్వూఫ్ వాళ్ళే అని గొప్పగా చెప్పుకుంటారు గానీ నిజానికి ఎక్కువమంది పోలండ్ మధ్య జిల్లాల నుంచి, పోజ్నాన్ వైపు నుంచి వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళు వస్తుంటే ఈ ఊరి ఇటుకలు మాత్రం వార్సా కట్టడానికి వెళ్ళిపోయాయి. 1947లో ఇంకో లక్షా 40 వేలమంది, పోలండ్ ఆగ్నేయంలో మిగిలిన యుక్రెయిన్, లెమ్కో జనం, సైన్యం తుపాకుల మధ్య ఈ పడమటి జిల్లాలకి వచ్చి పడ్డారు, ఒకచోట గుంపుగా ఉండకుండా ఊరికి కొద్ది కుటుంబాల చొప్పున విదిలించారు. దాని పేరు ‘విస్తులా’ చర్య. నది పేరు పెట్టారు.

బామ్మగారి ఇంట్లో మూటలు చాలాకాలం విప్పలేదు. జర్మన్లు మళ్ళీ వస్తారు, మనల్ని మళ్ళీ పంపేస్తారు అని. గోడకి సున్నం వేయించరు, ఎవరి కోసం వేయించాలి అని. 1970 డిసెంబరులో పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సా వచ్చి సరిహద్దు ఒప్పుకుంటూ సంతకం పెట్టాకే వాళ్ళ నాన్న కిటికీలు మార్పించాడట. మొత్తం తేలింది మాత్రం 1990 నవంబరులో.

మాది శ్రీకాకుళం జిల్లా. మా తాత పుట్టింది రంగంలో. రంగం అంటే రంగూన్, మావైపు అలాగే అంటారు. రేవులో కూలి పనికి పోయిన వందల కుటుంబాల్లో మాదొకటి. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది మనవాళ్ళు బర్మా నుంచి బయటపడ్డారు, మా తాతకి అప్పుడు ఎనిమిదేళ్ళు, అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ దాకా నడిచాడు, ఆయన చెల్లెలు దారిలో పోయింది. ఇల్లంటే ఇల్లేం కాదు, కూలీల వరసలో ఒక గది. అయినా పోయేదాకా ఏడాదికోసారైనా, ఏ పండక్కో అందరూ కూడినప్పుడు, ‘మనింట్లో ఇప్పుడెవులున్నారో’ అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆ ‘ఎవులు’ ఎలా ఉంటారో నాకెప్పుడూ ఊహకి రాలేదు. ఈ ఊరొచ్చి, పిండి జాడీలో కందిపప్పు పోసుకున్నాక, ఓహో, ఇలా ఉంటారు అనుకున్నాను.

2022 ఫిబ్రవరి చివర్లో, యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైన నాలుగో రోజో ఐదో రోజో, బామ్మగారు పెద్ద గిన్నెతో సూప్ పట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళమంది. యుక్రెయిన్ సరిహద్దు దగ్గరున్న ప్షెమిషల్ నుంచి వచ్చే రైళ్ళు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఆడవాళ్ళు, పిల్లలు. చాలామంది చేతుల్లో పిల్లులు. బామ్మగారు వాళ్ళని చూసి, ‘మాకు ఆవు, వీళ్ళకి పిల్లి’ అంది, అని నవ్వబోయి, గిన్నె నా చేతిలో పెట్టి అటు తిరిగింది.

జాడీల సంగతి ఆ రాత్రే చెప్పింది. 1970ల్లో, తను డిగ్రీ అయ్యి ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఇంటి ఎదురుగా జర్మన్ నంబరు కారు ఒకటి ఆగింది. అప్పట్లో అలా వచ్చేవాళ్ళు, తమ పాత ఇళ్ళు చూసుకోడానికి. కొందరు లోపలికి రానిచ్చేవాళ్ళు, కొందరు కర్టెన్ లాగేసేవాళ్ళు. ఒకావిడ దిగి, అవతలి పేవ్‌మెంట్ మీద నిలబడి, రెండో అంతస్తు కిటికీ చూస్తోంది. అరగంట. బామ్మగారి అమ్మ కిటికీలోంచి చూసి, ఎప్పుడో పదేళ్ళప్పుడు చూసిన పిల్లని గుర్తుపట్టి, చెప్పులైనా వేసుకోకుండా కిందకి దిగింది. నాన్న ఏమీ అనలేదు, కట్టెలు కొట్టాలని పెరట్లోకి వెళ్ళిపోయాడు. వచ్చినావిడ టీ తాగింది. వాళ్ళమ్మ పోయిందని సైగలతో చెప్పింది. వెళ్ళేముందు బామ్మగారి అమ్మ అర దగ్గరికి తీసుకెళ్ళి, జాడీలన్నీ ఇటు తిప్పి, తీసుకో అంది, వాళ్ళత్తగారి దగ్గర నేర్చుకున్న ఆ ఒక్క జర్మన్ మాటతో.

ఆవిడ ‘జాల్త్స్’ అని రాసున్నది ఒక్కటే తీసుకుంది. జాల్త్స్ అంటే ఉప్పు. లోపలున్న ఉప్పు ఒంపేసి ఇవ్వబోతే వద్దని, అలాగే పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని కారెక్కిందట. ఉప్పుదే ఎందుకు తీసుకుందో బామ్మగారికి తెలీదు. మిగతా ఐదూ ఆ రోజు నుంచి గోడవైపు తిరగలేదు.

మేం ఉప్పు ప్లాస్టిక్ డబ్బాలో పోసి స్టవ్ పక్కన పెట్టుకుంటాం. మొన్న ఆదివారం పాత సామాన్ల సంతలో సరిగ్గా అలాంటి జాడీయే కనిపించింది, అవే నీలం అక్షరాలు, అదే సైజు. బేరమాడి కొని తెచ్చి ఆరో గడిలో పెట్టబోయాను. బామ్మగారు చూసి వద్దంది.